గ్రేడ్ 1 ఫ్రెంచ్ ఇమ్మర్షన్: వారమంతా క్లాసులో అసలేం చేయిస్తున్నారు?

గోదారబ్బాయి
మా పెద్దమ్మాయి ఈ సెప్టెంబర్లో గ్రేడ్ 1 ఫ్రెంచ్ ఇమ్మర్షన్‌లో చేరింది. ఉండేది ఒంటారియోలో. ఇమ్మర్షన్ అంటే పాఠాలు ఫ్రెంచ్‌లోనే చెప్పే పద్ధతి. మా స్కూల్ బోర్డులో మొదటి రెండు మూడేళ్ళూ దాదాపు అంతా ఫ్రెంచే. నాకు గానీ మా ఆవిడకి గానీ ఫ్రెంచ్ ముక్క రాదు.

అక్టోబర్ సగం అయిపోయింది. సాయంత్రం "ఇవాళ ఏం చెప్పారమ్మా?" అంటే "ఏం లేదు నాన్నా" అంటుంది. గుచ్చి గుచ్చి అడిగితే సోమవారం పాట పాడారట. మంగళవారం బొమ్మలకి రంగులేశారట. బుధవారం జిమ్. గురువారం ఏదో గుమ్మడికాయ గోల. బ్యాగులో ఒక పల్చటి పుస్తకం వస్తుంది, పేజీకి నాలుగు మాటలుంటాయి. శుక్రవారం డిక్తే అని ఓ కాగితం తెచ్చింది. టీచర్ చెప్తే పిల్లలు రాయాలట. రాసిన ఐదు మాటల్లో రెండు తప్పు. రెండింట్లోనూ చివరి అక్షరం ఎగిరిపోయింది.

పక్కింటి పిల్లాడు అదే గ్రేడ్, ఇంగ్లిష్ సెక్షన్. చిన్న చిన్న పుస్తకాలు గడగడా చదివేస్తున్నాడు. మాది ఇంగ్లిష్‌లోనూ కూడబలుక్కుంటోంది. ఫ్రెంచూ రాక ఇంగ్లిషూ రాక రెంటికీ చెడ్డ రేవడి అవుతుందేమోనని మా ఆవిడకి టెన్షన్. నవంబర్లో ప్రోగ్రెస్ రిపోర్ట్ వచ్చాక తీసేద్దాం అంటోంది. పిల్లల్ని ఇందులో వేసినవాళ్ళు చెప్పండి.

పెసరట్టు_ఉప్మా
"ఏం లేదు" అనేది ఏ మీడియంలో చదివినా వచ్చే జవాబే. మావాడు ఇంగ్లిష్ సెక్షన్, గ్రేడ్ 5. ఇప్పటికీ స్కూల్లో "ఏం లేదు".

మంచులో_మల్లెపూలు
నాకిద్దరు ఇమ్మర్షన్‌లోనే, ఒకడు 6, ఒకతి 2. గ్రేడ్ 1లో పిల్లలు బయటికి ఏం చెప్పరు, లోపల మాత్రం ఎక్కుతూ ఉంటుంది. మా పాప డిసెంబర్ దాకా ఇంట్లో ఒక్క ఫ్రెంచ్ మాట అనలేదు. ఓ రోజు చూస్తే బొమ్మలన్నిటినీ గోడవారగా కూర్చోబెట్టి టీచర్ గొంతుతో గద్దిస్తోంది. నాకు అర్థం కాలేదు గానీ బొమ్మలకి బాగా అర్థమైనట్టే ఉంది.

ఇంగ్లిష్ చదవడం గురించి నేనూ మీలాగే నిద్రపోలేదు. మావాడు గ్రేడ్ 2 చివర్లో అందుకున్నాడు. మేం ఇంట్లో రాత్రి పడుకునేముందు ఇంగ్లిష్ కథలు చదివిపెట్టేవాళ్ళం, అంతకు మించి ఏమీ చేయలేదు.

లెక్కల_సుబ్బు
అందరూ "లోపల ఎక్కుతుంది" అంటారు. ఎక్కుతోందో లేదో తెలిసేదెలా? ఇది వైద్యం కాదుగా, నమ్మకం మీద నడపడానికి.

మదాం_పక్కగది
నేను ఇమ్మర్షన్ గ్రేడ్ 1కే పాఠాలు చెప్తాను, ఒంటారియోలోనే, వేరే ఊళ్ళో. ఫ్రెంచ్ మొదలుపెట్టింది హైదరాబాద్ అలియాన్స్ ఫ్రాన్సేజ్‌లో. గోదారబ్బాయి గారి అమ్మాయి చెప్పిన వారాన్నే నా వైపు నుంచి చెప్తాను. టీచర్‌ని బట్టి కాస్త తేడా ఉంటుంది గానీ వరస ఇంచుమించు ఇదే.

పొద్దున్నే అందరూ కార్పెట్ మీద. ఇవాళ ఏ వారం, నిన్న ఏ వారం, రేపు ఏ వారం, తేదీ ఎంత, బయట ఎండా వానా. ఆ రోజు లీడర్ (పిల్లల్లోనే ఒకరు) కిటికీ దాకా వెళ్ళి చూసొచ్చి చెప్పాలి. సెప్టెంబర్లో ప్రశ్న నాదే, జవాబూ నాదే, వాళ్ళు తలూపుతారు. ఇప్పుడు అక్టోబర్‌కి ఒకటీ అరా మాట అందిస్తున్నారు. జనవరి వచ్చేసరికి లీడరే పుల్ల పట్టుకుని నిలబడి అందర్నీ అడుగుతాడు, నేను పక్కన కూర్చుంటాను. రోజూ అదే తంతు కాబట్టి ఇంటికొచ్చి చెప్పేంత విశేషం వాళ్ళకి కనిపించదు.

తర్వాత బోర్డు మీద మూడు వాక్యాల ఉత్తరం. "పిల్లలూ, ఇవాళ బుధవారం, మనకి జిమ్ ఉంది" లాంటిది. అక్కడక్కడా అక్షరాలు వదిలేస్తాను, వాళ్ళొచ్చి పూరిస్తారు. జిమ్‌కి వెళ్ళాక కూడా "పరిగెత్తు, ఆగు, వెనక్కి, బంతి విసురు" అన్నీ ఫ్రెంచ్‌లోనే. అర్థంకానివాడు పక్కవాణ్ణి చూసి చేస్తాడు. రెండోసారికి చూడకుండానే చేస్తాడు.

వారానికి ఒక శబ్దం. మీ పాప డిక్తే మాటలు ఏమిటో చెప్తారా? నాకో అనుమానం ఉంది.

గోదారబ్బాయి
మా పాపని అడిగి రాస్తున్నా: లూ (తోడేలట), సూరీ (ఎలకట), రూజ్ (ఎరుపు), జూర్ (రోజు), పూల్ (కోడి). మొదటి రెండూ తప్పు. లూ చివర పి, సూరీ చివర ఎస్ రాయలేదు. పలకని అక్షరం ఎందుకు రాయాలి నాన్నా అంది. నా దగ్గర జవాబు లేదు.

మదాం_పక్కగది
అనుకున్నాను. ఈ వారం వాళ్ళ శబ్దం "ఊ". ఓ, యు కలిస్తే ఊ. సోమవారం పాట ఆ శబ్దం వినడానికే. మంగళవారం రంగులు కూడా ఊరికే వేయించలేదు. పది పన్నెండు బొమ్మలిచ్చి ఊ వినపడిన వాటికే రంగు వేయమంటాం. శుక్రవారం అదే శబ్దంతో ఐదు మాటలు. మీ పాప ఐదింట్లోనూ ఓ, యు సరిగ్గా పెట్టింది. ఈ వయసుకి నేను చూసేది అదే. వదిలేసినవి రెండూ పలకని చివరి అక్షరాలు. విన్నది విన్నట్టు రాసిందంటే శబ్దానికీ అక్షరానికీ లంకె కుదిరిందనే. పలకని అక్షరాలు చదవగా చదవగా కళ్ళకి అలవాటవుతాయి, ఇప్పుడు వాటి గురించి కూర్చోబెట్టి రుద్దకండి.

గురువారం గుమ్మడికాయ సంగతి. ఏ క్లాసులోనైనా అక్టోబర్లో వస్తుంది. ముందు కాయని వరసలో ఒక్కొక్కరి ఒళ్ళో పెడతాను. బరువా, తేలికా? నున్నగా ఉందా, గరుకుగా ఉందా? నీళ్ళ టబ్బులో వేస్తే తేలుతుందా మునుగుతుందా, చెయ్యెత్తండి. (తేలుతుంది. సగంమంది మునుగుతుందనే అంటారు.) కోసి గింజలు తీయిస్తాను, కొందరు ముట్టుకోరు, కొందరు మోచేతుల దాకా పెట్టేస్తారు. గింజలు పదేసి కుప్పలు పెట్టి లెక్కపెడతాం. చివర్లో ప్రతివాళ్ళూ బొమ్మ వేసి కింద "నాకు కనిపిస్తోంది..." అని మొదలుపెట్టి ఒక వాక్యం రాస్తారు. సైన్సూ లెక్కలూ రాయడమూ ఒక కాయలో అయిపోయాయి. మీ ఇంటికి చేరింది మాత్రం "గుమ్మడికాయ".

పెసరట్టు_ఉప్మా
గింజలు చివరికి ఏం చేస్తారండీ? వేయించి ఉప్పూ కారం చల్లితే...

మదాం_పక్కగది
అలర్జీల వల్ల తినేవి క్లాసులో పెట్టం. మా ఇంటికి తీసుకెళ్తాను 🙂

పిఆర్_పడిగాపులు
నా గోడు కూడా వినండి. పిఆర్ (శాశ్వత నివాసం) పాయింట్ల కోసం నేను టెఫ్ కెనడా అనే ఫ్రెంచ్ పరీక్షకి చదువుతున్నా. 2023 నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే పిఆర్ ఎంపికలో ఫ్రెంచ్ వచ్చినవాళ్ళకి వేరే డ్రాలు వచ్చాయి కదా, వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం నాలుగింట్లోనూ కెనడా వాళ్ళ ఫ్రెంచ్ కొలమానంలో ఎన్‌సీఎల్‌సీ 7 రావాలి. ఆఫీసు అయ్యాక ఆన్‌లైన్ కోచింగ్, రాత్రి క్రియాపదాల పట్టికలు. మావాడు గ్రేడ్ 2. వాడికి పట్టిక అంటే ఏమిటో తెలీదు. నేను వాక్యం మొదలుపెట్టి క్రియ దగ్గర ఆగితే వాడు ఇడ్లీ తింటూ తలెత్తకుండా పూర్తిచేస్తాడు.

మొన్న నా స్పీకింగ్ ప్రాక్టీస్ విని "నాన్నా, నువ్వు కోపంగా మాట్లాడుతున్నావు, మా మదాం అలా మాట్లాడదు" అన్నాడు.

యానాం_ఎక్స్‌ప్రెస్
బాబాయ్, మా ఊరొచ్చేయ్. 1954 దాకా మా యానాం ఫ్రెంచి వాళ్ళ పాలనలోనే ఉంది. మా తాత చిన్నప్పుడు బళ్ళో ఫ్రెంచి చదివాడు. గోదారి యాసలో ఫ్రెంచి వింటే నీ ఎన్‌సీఎల్‌సీ అక్కడికక్కడే పోతుంది.

తార్నాక_తార
మేం హైదరాబాద్‌లో ఇంటర్ సెకండ్ లాంగ్వేజ్ ఫ్రెంచ్ తీసుకున్న బ్యాచ్. మార్కులు వందకి దగ్గర దగ్గర వచ్చాయి. మాంట్రియల్ ఎయిర్‌పోర్టులో కాఫీ అడగడం రాలేదు.

లెక్కల_సుబ్బు
అదే నా పాయింట్ తార గారు. మార్కులు వేరు, రావడం వేరు. ఇమ్మర్షన్‌లో 12 ఏళ్ళు చదివినవాళ్ళు కూడా టొరంటోలో ఇంగ్లిషే మాట్లాడతారు. రీసెస్ బెల్ కొట్టగానే గ్రౌండ్లో ఒక్క పిల్లాడి నోట ఫ్రెంచ్ వినండి చూద్దాం. ఎలాగూ ఇంగ్లిష్ సెక్షన్‌లో గ్రేడ్ 4 నుంచి 8 దాకా కోర్ ఫ్రెంచ్ (ఫ్రెంచ్‌ని ఒక సబ్జెక్టుగా చెప్పడం) తప్పనిసరి, గ్రేడ్ 9లో ఒక క్రెడిట్ కూడా. అది చాలదా?

మంచులో_మల్లెపూలు
చాలదు సుబ్బు గారు. ఒంటారియో లెక్క ప్రకారమే గ్రేడ్ 8 చివరికి కోర్ ఫ్రెంచ్ 600 గంటలు, ఇమ్మర్షన్ 3,800 గంటలు. ఆరు రెట్లు పైనే. మావాడు గ్రేడ్ 6లో ఫ్రెంచ్ వార్తలు చూసి నాకు ఇంగ్లిష్‌లో చెప్తాడు. కోర్ ఫ్రెంచ్ చదివిన వాడి ఫ్రెండ్‌కి రంగుల పేర్లూ అంకెలూ వచ్చు.

గ్రౌండ్లో ఇంగ్లిష్ మాట నిజమే, ఒప్పుకుంటా.

కాల్గరీ_కాఫీ
నేను వేరే పాట పాడతాను. మా అబ్బాయిని గ్రేడ్ 3 మధ్యలో ఇమ్మర్షన్ నుంచి తీసేశాం. గ్రేడ్ 1లో అందరూ ఇదే చెప్పారు, ఓపిక పట్టండి, ఇది సైలెంట్ పీరియడ్ (విని ఊరుకుంటూ, ఇంకా మాట్లాడని దశ), అదే వస్తుందని. మావాడికి రాలేదు. ఫ్రెంచ్ అక్షరాలూ కూడలేదు, ఇంగ్లిష్ అక్షరాలూ కూడలేదు. పేజీ చూస్తే కడుపునొప్పి అనేవాడు. స్కూల్లో అడిగితే "ఫ్రెంచ్ వల్లే, ఆగండి" అన్నారు. చివరికి బయట డబ్బులు కట్టి పరీక్ష చేయిస్తే డిస్‌లెక్సియా (అక్షరాలు కూడబలుక్కుని చదవడంలో వచ్చే ఇబ్బంది) అని తేలింది. రెండేళ్ళు "ఫ్రెంచ్ వల్లే" అనే మాట కింద అది దాగిపోయింది.

ఫ్రెంచ్‌లో స్పెషల్ హెల్ప్ ఇచ్చే టీచర్లు మా స్కూల్లో లేరు. ఇంగ్లిష్‌కి మారాక సరైన సాయం దొరికింది, ఇప్పుడు బాగున్నాడు. మదాం గారు చెప్పింది తప్పనను. కానీ "లోపల ఎక్కుతోంది" అని అందరికీ ఒకటే మందు రాయకండి.

మదాం_పక్కగది
కాల్గరీ గారు, మీరు చెప్పింది ప్రతి ఇమ్మర్షన్ స్టాఫ్ రూమ్‌లో గట్టిగా చదవాల్సిన పోస్టు. డిస్‌లెక్సియా ఫ్రెంచ్ వల్ల రాదు, ఇంగ్లిష్‌లోకి మారితే పోదు. సాయం ఏ భాషలో దొరుకుతుందన్నదే ప్రశ్న, ఇమ్మర్షన్ టీచర్లకే కొరత ఉన్నచోట స్పెషలిస్టుల సంగతి చెప్పక్కర్లేదు.

గోదారబ్బాయి గారూ, అందుకే నవంబర్ మీటింగ్‌లో "ఫ్రెంచ్ వచ్చిందా" అని అడగొద్దు. ఇవి అడగండి: మాటలో శబ్దాలు విడదీసి చెప్పగలుగుతోందా? ప్రాస పట్టుకుంటోందా? నేర్చుకున్న అక్షరం మర్నాడు గుర్తుంటోందా? ఇవి ఏ భాషలోనైనా ఒకటే. ఇంట్లో మీరే తెలుగులో చూడొచ్చు. "కలం" లోంచి "క" తీసేస్తే ఏం మిగిలింది అని అడగండి. ఇవి ఆడుతూ పాడుతూ చేసేస్తే, చదవడం నెమ్మదిగా ఉన్నా నేను కంగారుపడను. ఇవే తడబడితే, ఏ సెక్షన్ అన్నది పక్కనపెట్టి, వెంటనే పరీక్ష అడుగుతాను.

గోదారబ్బాయి
ఇప్పుడే అడిగా. "లం" అంది. తర్వాత నన్ను "గుమ్మడికాయ" లోంచి "గుమ్మడి" తీసేస్తే ఏంటి అని ఎదురు పరీక్ష పెట్టింది.

పాత_చింతకాయ
కాస్త చరిత్ర. ఇది ప్రభుత్వం పైనుంచి దింపింది కాదు. 1965లో మాంట్రియల్ పక్కన సెయింట్ లాంబర్ట్ అనే ఊళ్ళో ఇంగ్లిష్ మాట్లాడే తల్లిదండ్రులు పట్టుబట్టి ఒక కిండర్‌గార్టెన్ క్లాసు మొదలుపెట్టించారు. ఎక్కువమంది ఫ్రెంచే మాట్లాడే క్యూబెక్‌లో ఉంటూ అది రాకపోతే తమ పిల్లలకి బతుకుతెరువు ఉండదని వాళ్ళ భయం. మెగిల్ యూనివర్సిటీ సైకాలజిస్ట్ వాలెస్ లాంబర్ట్ బృందం ఆ పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించింది. మొదట్లో ఇంగ్లిష్ చదవడం, రాయడం వెనకబడింది. బడిలో ఇంగ్లిష్ పాఠం మొదలయ్యాక త్వరలోనే అందుకున్నారు. ఫ్రెంచ్ విని, చదివి అర్థం చేసుకోవడం చాలా బాగా వచ్చింది, మాట్లాడటంలో మాత్రం ఫ్రెంచ్ ఇళ్ళ పిల్లలంత కాలేదు. ఇంగ్లిష్, ఫ్రెంచ్ రెండింటినీ అధికార భాషలు చేసిన చట్టం 1969లో వచ్చింది, అంటే ఆ క్లాసు తర్వాతే. గోదారబ్బాయి గారి ఇంటావిడ ఇంగ్లిష్ గురించి ఇవాళ పడుతున్న భయమే అప్పుడూ ఉంది.

లెక్కల_సుబ్బు
చింతకాయ గారు, ఒక తేడా మర్చిపోయారు. ఆ పిల్లల ఇంట్లో భాష ఇంగ్లిష్. మన ఇంట్లో తెలుగు. వాళ్ళకి రెండు, మనకి మూడు. ఆ ఫలితాలు తెచ్చి మనకి అతికిస్తే ఎలా?

పాత_చింతకాయ
మంచి ప్రశ్న. ఇది మదాం గారికి వదిలేస్తున్నా.

మదాం_పక్కగది
సుబ్బు గారు ఎప్పుడూ సరైన చోటే గిల్లుతారు. నా క్లాసులో సగంమంది ఇంట్లో ఇంగ్లిష్ కాదు: పంజాబీ, తమిళం, మాండరిన్, అరబిక్, ఇద్దరు తెలుగు. నేను చూసినంతలో ఇంట్లో ఏదో ఒక భాషలో బాగా కబుర్లు చెప్పే పిల్లలకి మూడో భాష అడ్డం రాలేదు. టొరంటో ప్రొఫెసర్ జిమ్ కమిన్స్ ఎప్పటినుంచో చెప్తున్నది ఇదే: కథ ఎలా నడుస్తుంది, కారణం ఎలా చెప్పాలి లాంటివి ఒక భాషలో వస్తే ఇంకో భాషకి నడుచుకుంటూ వస్తాయి. ఇబ్బంది పడేది ఇంట్లో ఏ భాషలోనూ ఎక్కువ మాటలు వినని పిల్లలు.

మంచులో_మల్లెపూలు
ఇక్కడ ఒకటి చెప్పాలి. మా పెద్దాడప్పుడు చుట్టాలంతా "మూడు భాషలైతే బుర్ర తిరిగిపోతుంది, తెలుగు ఆపేయండి" అన్నారు. మా అత్తయ్యగారు ఒక్కరే "నా మనవడితో నేను ఏ భాషలో మాట్లాడాలి మరి?" అన్నారు. ఆవిడ పుణ్యమా అని తెలుగు నిలిచింది.

పిఆర్_పడిగాపులు
మావాడు ఫ్రెంచ్ పుస్తకం చదివాక నేను తెలుగులో కథ చెప్పమంటా. "ఒక నక్క ఉంది, దానికి బూట్లు లేవు" అని మొదలెడతాడు. అర్థమైందో లేదో తెలిసిపోతుంది. నాకూ పుస్తకం అర్థమవుతుంది, అది బోనస్.

మదాం_పక్కగది
ఇదే చేయండి గోదారబ్బాయి గారు. మీకు ఫ్రెంచ్ రానక్కర్లేదు. పుస్తకం తను మీకు చదివి వినిపిస్తుంది, మీరు బొమ్మలు చూసి తెలుగులో ప్రశ్నలేయండి. ఉచ్చారణ దిద్దకండి, దయచేసి. మీరు దిద్దిన ఉచ్చారణ నేను మళ్ళీ దిద్దాలి. వినడానికి బుకిలి అనే యాప్ ఉంది, టీఎఫ్‌ఓ (ఒంటారియో ఫ్రెంచ్ టీవీ) వాళ్ళది, ఉచితం. లైబ్రరీలో ఫ్రెంచ్ ఆడియో పుస్తకాలు దొరుకుతాయి.

యానాం_ఎక్స్‌ప్రెస్
ముక్కుతో పలికే శబ్దాలకి మన అరసున్న పనికొస్తుంది కదా మదాం గారు? బోఁజూర్. వందేళ్ళుగా ఖాళీగా కూర్చుంది పాపం, దానికీ ఓ ఉద్యోగం.

మదాం_పక్కగది
నా సొంత నోట్సులో నిజంగానే అలా రాసుకునేదాన్ని!

మాంక్టన్_మామయ్య
న్యూ బ్రన్స్‌విక్ నుంచి. దేశంలో అధికారికంగా రెండు భాషలున్న ప్రావిన్స్ మాదొక్కటే. ఇక్కడ ఇమ్మర్షన్ ఏ గ్రేడ్‌లో మొదలవ్వాలనేది రాజకీయం. 2008లో గ్రేడ్ 1 నుంచి తీసి గ్రేడ్ 3కి మార్చారు, 2017లో మళ్ళీ గ్రేడ్ 1కి తెచ్చారు. 2022 చివర్లో మొత్తం ఎత్తేసి అందరికీ సగం ఇంగ్లిష్, సగం ఫ్రెంచ్ పెడతామన్నారు. మీటింగుల్లో జనం దులిపేశారు, 2023 ఫిబ్రవరిలో వెనక్కి తగ్గారు. మా పాప షాపులో క్యాషియర్‌తో ఫ్రెంచ్‌లో మాట్లాడితే వాళ్ళూ ఫ్రెంచ్‌లోనే జవాబిస్తారు. బయట వినపడే ఊరికీ వినపడని ఊరికీ చాలా తేడా. టొరంటో వాళ్ళ నిరాశ నాకు అర్థమవుతుంది.

లెక్కల_సుబ్బు
మనలో మాట. ఇక్కడ ఫ్రెంచ్ కోసం వేసినవాళ్ళు ఎంతమంది, "మంచి బ్యాచ్" కోసం వేసినవాళ్ళు ఎంతమంది? మా అపార్ట్‌మెంట్లో అయితే సూటిగానే అంటారు, ఇమ్మర్షన్‌లో గోలచేసే పిల్లలుండరు, పేరెంట్స్ పట్టించుకుంటారు, అని. మన కార్పొరేట్ కాలేజీల్లో మార్కులొచ్చే పిల్లలకి "ఎ" సెక్షన్ ఉంటుందే, అలాగ. కాల్గరీ గారి అబ్బాయిలాంటి వాళ్ళు ఒక్కొక్కరే ఇంగ్లిష్ సెక్షన్‌కి వచ్చేస్తారు, అక్కడ టీచర్‌కి భారం, ఇక్కడ క్లాసు నీట్‌గా. ఫ్రీగా ప్రైవేట్ స్కూల్.

తార్నాక_తార
అబ్బా, చివరికి ఎవరో ఒకరు అన్నారు.

మంచులో_మల్లెపూలు
కొంతవరకు నిజం. మా స్కూల్లో రెండు సెక్షన్లూ ఒకే బిల్డింగ్‌లో ఉన్నాయి, తేడా కంటికి కనపడుతుంది. కానీ దానికి మా పిల్లని తీసేస్తే ఇంగ్లిష్ సెక్షన్ బాగుపడుతుందా? ఇమ్మర్షన్‌లో కూడా సాయం చేసే టీచర్ని పెట్టమని కదా అడగాలి. మేం స్కూల్ కౌన్సిల్లో అడిగాం. బడ్జెట్ లేదన్నారు. మళ్ళీ అడుగుతాం.

కాల్గరీ_కాఫీ
సుబ్బు గారు, "వచ్చేస్తారు" అన్నారు. మేం రాలేదు, పంపించారు. అన్నమాట కటువుగా ఉంటే ఏమనుకోకండి.

లెక్కల_సుబ్బు
అనుకోను. నేననాల్సింది మీరే సరిగ్గా అన్నారు.

ఒట్టావా_గుమాస్తా
సుబ్బు గారి "అది చాలదా" ప్రశ్నకి జీతం చీటీతో జవాబు. నేను ఫెడరల్ ఉద్యోగిని. మా ఆఫీసులో మేనేజర్ పోస్టులు చాలావరకు ద్విభాషా పోస్టులే, ఫ్రెంచ్ పరీక్ష పాసవ్వాలి. నేను నలభై దాటాక క్లాసులకి వెళ్తున్నా, నా పక్కన కూర్చున్న పాతికేళ్ళ అమ్మాయి ఇమ్మర్షన్‌లో చదివొచ్చి ఒక్కసారికే గట్టెక్కేసింది. ద్విభాషా బోనస్ ఏడాదికి 800 డాలర్లు. 1970ల్లో పెట్టిన అంకె, ఇప్పటికీ అదే.

పెసరట్టు_ఉప్మా
800లో పన్ను పోగా మిగిలినదానితో ఒట్టావాలో నాలుగుసార్లు బిర్యానీ తినొచ్చు.

గోదారబ్బాయి
అందరికీ థాంక్స్. మా ఆవిడ మొత్తం చదివింది. మదాం గారి గుమ్మడికాయ పోస్టు రెండుసార్లు, కాల్గరీ గారిది మూడుసార్లు. నవంబర్లో తీసేయాలన్న మాట పక్కన పెట్టాం. మీటింగ్‌లో శబ్దాల ప్రశ్నలు అడుగుతాం. అప్పుడు ఏదైనా తేడా కనిపిస్తే మాత్రం "ఆగండి" అనిపించుకోం, రాతపూర్వకంగా పరీక్ష అడుగుతాం. ఫిబ్రవరి రిపోర్ట్ చూశాకే మిగతా నిర్ణయం.

ఇంకో చిన్న ప్రశ్న. వచ్చే వారం నుంచి రోజూ స్నో ప్యాంట్లు బ్యాగులో పెట్టమని నోట్ వచ్చింది. ఇంకా మంచే పడలేదు, ఇప్పటి నుంచి ఎందుకు?

మదాం_పక్కగది
తొడుక్కోవడం ప్రాక్టీస్ చేయించడానికి. మంచు పడ్డాక 20 మంది ఒకే నడవలో, రీసెస్ 15 నిమిషాలు. ముందు స్నో ప్యాంటు, తర్వాత బూట్లు, తర్వాత కోటు, టోపీ, ఆఖర్న చేతి తొడుగులు. ఈ వరసకి ఫ్రెంచ్ పాట ఉంది, పాడుతూ తొడుగుతారు. ఎవడో ఒకడు తొడుగులు ముందు వేసుకుంటాడు, ఇక జిప్ పట్టుకోలేక నిలబడతాడు. అప్పుడు నా దగ్గరికొచ్చి "సాయం చేయండి మదాం" అని ఫ్రెంచ్‌లో అడగాలి, ఇంగ్లిష్‌లో అడిగితే నాకు వినపడదు. ఏడాది మొత్తంలో తప్పుల్లేకుండా అందరికీ వచ్చే వాక్యం అదే. ఇంట్లో జిప్ ఒక్కటి నేర్పించి పంపండి, నమస్కారం పెడతాను.

మాంక్టన్_మామయ్య
తొడుగులకి దారం కట్టి కోటు చేతుల్లోంచి లాగండి. లేకపోతే జనవరికల్లా మూడు జతలు పోతాయి, మూడూ ఎడమచేతివే మిగులుతాయి.

తార్నాక_తార
మా దగ్గర 6 సైజు స్నో ప్యాంటు ఉంది, ఊదారంగు, ఒక్క సీజన్ వాడాం. స్కార్‌బరో వచ్చి తీసుకుంటే ఇచ్చేస్తా.

పిఆర్_పడిగాపులు
7 సైజు ఉందా తార గారు? రంగు ఏదైనా పర్లేదు.

పెసరట్టు_ఉప్మా
నాకు పెద్దవాళ్ళ సైజు.

మోడరేటర్
స్నో ప్యాంట్ల బేరాలు అమ్మకం-కొనుగోలు విభాగంలో పెట్టుకోండి. ఫ్రెంచ్ గురించి ఇంకా ఎవరైనా రాసేదుంటే రాయండి, ఈ చర్చ తెరిచే ఉంచుతున్నా.